బ్యాక్టీరియా పరీక్షలో యాంటీబయాటిక్ ఎంత వేయాలి? ల్యాబ్‌లో సరైన మోతాదు పట్టుకునే పద్ధతి

పోయిన వీడియో కింద ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, సూడోమోనాస్ విత్తనానికి పట్టించినం, బాగానే ఉంది. కానీ నెల తర్వాత అది వేరు దగ్గర బతికే ఉందని ఎట్ల చెప్తావు?" మంచి ప్రశ్న. బోడుప్పల్‌లో నేను నడిపే చిన్న యూనిట్‌లో తయారయ్యే డబ్బాల మీద మిల్లీలీటరుకు ఎన్ని బ్యాక్టీరియా ఉన్నాయో రాస్తాం. ద్రవ రూప జీవన ఎరువుల్లో రైజోబియం, అజోటోబాక్టర్ లాంటివాటికి మిల్లీలీటరుకు కనీసం 10 కోట్లు ఉండాలని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెప్తుంది. పొడి రూపంలో అయితే గ్రాముకు 5 కోట్లు. కానీ అది డబ్బాలో ఉన్న లెక్క. పొలంలో ఏమైందో ఆ అంకె చెప్పదు.

పొలంలో లెక్కపెట్టడం ఎందుకు కష్టమంటే, ఒక గ్రాము మంచి మట్టిలోనే కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. మనం వేసిన సూడోమోనాస్ లాంటివే అందులో ముందు నుంచీ ఉంటాయి. ప్లేటు మీద పెంచితే అన్నీ తెల్లగా, పసుపుగా, నిగనిగలాడే చుక్కలే. గుంపులో మన మేకను గుర్తుపట్టాలంటే చెవికి బిళ్ల ఉండాలి గదా. ల్యాబ్‌లో బ్యాక్టీరియాకు వేసే ఆ బిళ్లే యాంటీబయాటిక్ ఓర్పు. ఒక మందును తట్టుకునే రకాన్ని ఎంచుకుని విత్తనానికి పట్టిస్తాం. కొన్ని రోజులకు వేరు కడిగి, ఆ నీళ్లను అదే మందు కలిపిన ప్లేటు మీద పోస్తాం. మిగతావన్నీ ఆగిపోవాలి, మనది మాత్రం మొలవాలి.

ఇక్కడే అసలు చిక్కు. మందు తక్కువైతే మట్టిలోని పరాయి బ్యాక్టీరియా కూడా మొలుస్తాయి. వాటినీ మనవే అనుకుని లెక్కపెడతాం. మందు ఎక్కువైతే మనవి కూడా సగం చస్తాయి, ఉన్నదాన్ని లేదంటాం. మొదటి తప్పు అమ్మేవాడికి లాభం అన్న సంగతి గమనించండి. తక్కువ మోతాదు వేసిన ప్లేటు ఎప్పుడూ "మా బ్యాక్టీరియా బ్రహ్మాండంగా బతికింది" అనే చెప్తుంది. నేనూ అమ్మేవాణ్నే కాబట్టి ఈ పాఠాన్ని కొంచెం విడమరిచి రాస్తున్నా. రేపు ఎవరైనా రిపోర్టు తెచ్చి చూపిస్తే ఏం అడగాలో మీకు తెలియాలి.

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకు యాంటీబయాటిక్‌తో పనేంటి అని కొందరికి కోపం రావచ్చు. ల్యాబ్ ప్లేటులో కొలబద్దలా వాడటం వేరు, పంట మీద పిచికారీ చేయడం వేరు. రెండోది మనం చేయం. ఇంకో మాట, ఈ మందుల్లో చాలావరకు మట్టి నుంచి వచ్చినవే. స్ట్రెప్టోమైసిన్ 1943లో అమెరికాలోని రట్గర్స్‌లో, వాక్స్‌మన్ ల్యాబ్‌లో, ఆల్బర్ట్ షాట్జ్ చేతుల మీద మట్టి జీవి నుంచి దొరికింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీ కంపెనీలో పరిశోధనలు నడిపిస్తున్న కాలంలో, ఆయన దగ్గర పనిచేసిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త మిస్సోరీలోని ఒక గడ్డి క్షేత్రం మట్టిలో బంగారు రంగు జీవిని పట్టుకున్నాడు. 1948లో ప్రపంచానికి తెలిసిన ఆ మందు ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. అంటే ఇవి మట్టిలో జీవులు తయారుచేసుకునే సరుకే. మనిషి చేసిందల్లా దాన్ని కిలోలు, టన్నుల లెక్కన తయారుచేయడం.

ముందు పీపీఎం తెలుసుకుందాం

ల్యాబ్ పుస్తకాల్లో మోతాదును మిల్లీలీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు అని రాస్తారు. భయపడకండి, మనకు తెలిసిన పీపీఎం అదే. లీటరు నీళ్లలో ఒక మిల్లీగ్రాము ఒక పీపీఎం. మిల్లీలీటరులో ఒక మైక్రోగ్రాము కూడా ఒక పీపీఎమే. ఇక నుంచి పీపీఎం అనే రాస్తాను.

వరిలో బ్యాక్టీరియా ఎండాకు తెగులుకు, నిమ్మలో గజ్జి తెగులుకు చాలామంది స్ట్రెప్టోసైక్లిన్ కొట్టినవాళ్లే. అందులో 90 పాళ్లు స్ట్రెప్టోమైసిన్ సల్ఫేట్, 10 పాళ్లు టెట్రాసైక్లిన్ హైడ్రోక్లోరైడ్. ఆరు గ్రాముల ప్యాకెట్ 60 లీటర్లలో కలిపితే 100 పీపీఎం. ల్యాబ్‌లో ఈ.కోలై లాంటి మామూలు బ్యాక్టీరియాను ఆపడానికి పుస్తకాలు చెప్పే స్ట్రెప్టోమైసిన్ మోతాదు 50 నుంచి 100 పీపీఎం మధ్య, టెట్రాసైక్లిన్ అయితే 10 నుంచి 15. అంటే ట్యాంకులో ఉన్నప్పుడు మోతాదు సరిపోతుంది. ఆకు మీద పడి, మంచుకు పలచబడి, వానకు జారి, మట్టిలో కలిసేసరికి అది 10 అవుతుంది, 1 అవుతుంది, అర అవుతుంది. చంపలేనంత తక్కువగా మందు ఉన్న చోటే తట్టుకునే రకాలు బలుస్తాయి. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే తక్కువ మోతాదు గురించి ఈ హెచ్చరిక చేశాడు. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్‌లను పంటల్లో నిషేధించే ముసాయిదా ఉత్తర్వును మన కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబర్‌లో తెచ్చింది.

పుస్తకంలో అంకె మీ అంకె కాదు

ఇంటర్నెట్‌లో వెతికితే ఒక పట్టిక దొరుకుతుంది. యాంపిసిలిన్ 100, కనామైసిన్ 50, క్లోరాంఫెనికాల్ 25 నుంచి 34, టెట్రాసైక్లిన్ 10 నుంచి 15. ఈ పట్టిక ఎక్కువగా ఈ.కోలైతో పనిచేసే జన్యు ల్యాబ్‌ల కోసం. మన సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ యాంపిసిలిన్‌ను పుట్టుకతోనే బాగా తట్టుకుంటుంది. క్లోరాంఫెనికాల్‌ను కూడా కొంతవరకు తట్టుకుంటుంది. కాబట్టి యాంపిసిలిన్ 100 వేసి "మిగతావన్నీ ఆగాయి, ఇది మాత్రమే మొలిచింది, ఇదే మన రకం" అంటే తప్పు. మట్టిలో ఉన్న ప్రతి సూడోమోనాస్ అట్లనే మొలుస్తుంది.

బ్యాక్టీరియా మారితే అంకె మారుతుంది, మీడియా మారినా మారుతుంది. ఇది చాలామంది పట్టించుకోరు. టెట్రాసైక్లిన్‌ను కాల్షియం, మెగ్నీషియం పట్టేసుకుంటాయి. స్ట్రెప్టోమైసిన్ పుల్లటి మీడియాలో బలహీనపడుతుంది. మనం సూడోమోనాస్‌కు వాడే కింగ్స్ బి మీడియాలో లీటరుకు ఒకటిన్నర గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ ఉంటుంది. హాస్పిటల్ ల్యాబ్‌ల్లో వాడే ముల్లర్ హింటన్ మీడియాలో తేలిన అంకెను తెచ్చి కింగ్స్ బి ప్లేటులో వేస్తే అది పనిచేయకపోవచ్చు. ఇగ మా బోడుప్పల్ బోరు నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు, గిన్నెకు తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ నీళ్లతో మీడియా కలిపితే మీరు కొలిచేది మందు బలాన్ని కాదు, బోరు సున్నాన్ని. ల్యాబ్‌కు డిస్టిల్డ్ వాటరే వాడాలి.

అందుకే నియమం ఒకటే: ఏ బ్యాక్టీరియాను, ఏ మీడియాలో, ఎంత వేడిలో పెంచి లెక్కపెట్టబోతున్నామో, దాంట్లోనే మోతాదు తేల్చాలి.

స్టాక్ కలపడం

మెడికల్ షాపులో క్యాప్సూల్ కొని విప్పి కలపొద్దు. అందులో మందుతో పాటు పిండి, రంగు, ఇంకేవో ఉంటాయి. పైగా రిఫాంపిసిన్ లాంటివి క్షయ రోగికి డాక్టర్ చీటీ మీద ఇచ్చే మందులు. ల్యాబ్ గ్రేడ్ పొడి కొనండి, సీసా మీద పొటెన్సీ ఎంతో చూడండి. ఉదాహరణకు స్ట్రెప్టోమైసిన్ సల్ఫేట్ సీసా మీద మిల్లీగ్రాముకు 720 యూనిట్లు అని ఉంటే, ఒక గ్రాము పొడిలో అసలు మందు 720 మిల్లీగ్రాములే. మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల స్టాక్ 10 మిల్లీలీటర్లు కావాలంటే అసలు మందు 500 మిల్లీగ్రాములు. దాన్ని 0.72తో భాగిస్తే 694 మిల్లీగ్రాముల పొడి తూయాలి. ఈ సవరణ చేయకపోతే మొదటి మెట్టు దగ్గరే దాదాపు 28 శాతం తగ్గిపోతుంది. యూరియాలో 46 శాతమే నత్రజని అని లెక్క వేసుకున్నట్టే ఇదీ.

స్ట్రెప్టోమైసిన్, కనామైసిన్, యాంపిసిలిన్ సోడియం నీళ్లలో కరుగుతాయి. 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడగట్టి, చిన్న గొట్టాల్లో పంచి, మైనస్ 20 డిగ్రీల్లో దాచాలి. టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ ఇథనాల్‌లో కలపాలి. రిఫాంపిసిన్ మిథనాల్‌లో గానీ డీఎంఎస్‌ఓలో గానీ కరుగుతుంది. టెట్రాసైక్లిన్‌కు, రిఫాంపిసిన్‌కు వెలుతురు పడదు, సీసాకు అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. ఒకసారి కరిగించిన గొట్టాన్ని మళ్లీ గడ్డకట్టించొద్దు.

గొట్టాల నిచ్చెన

ఇదే పాఠానికి గుండెకాయ, వీడియోలో కూడా నెమ్మదిగా చూపించాను. పది టెస్ట్ ట్యూబులు తీసుకోండి. ఒకటి నుంచి తొమ్మిది దాకా అన్నిట్లో ఒక్కో మిల్లీలీటరు మీడియా ద్రవం, పదో దాంట్లో రెండు మిల్లీలీటర్లు పోయండి.

ముందు మందును 256 పీపీఎంకు తేవాలి. మన స్టాక్ 50 మిల్లీగ్రాములది, అంటే 50,000 పీపీఎం. ఒక మిల్లీలీటరు స్టాక్‌ను 49 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపితే 1,000 పీపీఎం అయింది. అందులో 2.56 మిల్లీలీటర్లు తీసి 7.44 మిల్లీలీటర్ల మీడియాలో కలిపితే 256. దీన్నుంచి ఒక మిల్లీలీటరు మొదటి గొట్టంలో వేసి బాగా కలపండి, అది 128 అవుతుంది. పిపెట్ కొన మార్చి అందులోంచి ఒక మిల్లీలీటరు రెండో దాంట్లోకి, అక్కడ 64. అట్ల ఎనిమిదో గొట్టం దాకా సగం సగం చేసుకుంటూ పోతే చివరిది ఒకటి. ఎనిమిదో దాంట్లోంచి ఒక మిల్లీలీటరు తీసి పారేయండి. తొమ్మిది, పది గొట్టాల్లో మందు వేయొద్దు.

పిపెట్ కొన ప్రతి మెట్టుకూ మార్చాలి. అదే కొనతో పోతే పైగొట్టం మందు గోడకు అంటుకుని కిందికి దిగుతుంది, కింది మెట్లన్నీ రాసినదానికంటే బలంగా తయారవుతాయి. పొదుపు చేయాలంటే ఇంకెక్కడైనా చేయండి, కొనల దగ్గర వద్దు.

ఇప్పుడు బ్యాక్టీరియా. ముందు రోజు పెంచిన కల్చర్‌ను ఉప్పునీటిలో పలచన చేసి మెక్‌ఫార్లాండ్ 0.5 అనే మసక గొట్టంతో పోల్చాలి. ఈ గొట్టాన్ని కొనొచ్చు, ఇంట్లోనూ చేసుకోవచ్చు: 1.175 శాతం బేరియం క్లోరైడ్ 0.05 మిల్లీలీటరు, ఒక శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ 9.95 మిల్లీలీటర్లు. తెల్ల కాగితం మీద నల్ల గీతలు గీసి, రెండు గొట్టాల వెనుక పెట్టి చూడండి. గీతలు రెండింట్లోనూ ఒకేలా మసకగా కనిపిస్తే మిల్లీలీటరుకు సుమారు 10 కోట్ల బ్యాక్టీరియా ఉన్నట్టు. దాన్ని మీడియాలో నూరు రెట్లు పలచన చేస్తే 10 లక్షలు. ఇందులోంచి ఒక్కో మిల్లీలీటరు ఒకటి నుంచి తొమ్మిది గొట్టాల్లో పోయండి. ప్రతి గొట్టంలో రెండు మిల్లీలీటర్లు అయ్యాయి కాబట్టి మందు సగమైంది: 64, 32, 16, 8, 4, 2, 1, 0.5. బ్యాక్టీరియా కూడా సగమై మిల్లీలీటరుకు 5 లక్షలు. ప్రపంచమంతా వాడే లెక్క ఇదే. బ్యాక్టీరియా ఎక్కువ పోస్తే మందు పనిచేయనట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఎక్కువ తలలకు తక్కువ మందు పంచినట్టు అవుతుంది. అందుకే "మసకగా ఉంది, చాల్లే" అని వదిలేయకుండా, పోసిన కల్చర్‌ను విడిగా పలచన చేసి మామూలు ప్లేటు మీద వేసి లెక్కపెట్టి చూసుకోండి.

సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్‌కు 28 డిగ్రీలు బాగుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో మన గదుల వేడికి అది పెరగనే పెరగదు. అప్పుడు అన్ని గొట్టాలూ తేటగా ఉంటాయి, మందు బ్రహ్మాండం అనిపిస్తుంది. చల్లబరిచే బీఓడీ ఇంక్యుబేటర్ లేకుండా వేసవిలో ఈ పని పెట్టుకోవద్దు. ఒక రోజు ఉంచి చూడండి. రైజోబియం అయితే మూడు రోజులైనా పట్టొచ్చు.

చూసేటప్పుడు ముందు తొమ్మిదో గొట్టం చూడాలి. మందు లేదు, బ్యాక్టీరియా ఉంది, కాబట్టి అది మసకబారి తీరాలి. పదోది తేటగా ఉండాలి. ఈ రెండింట్లో ఏది తేడాగా ఉన్నా మిగతా ఎనిమిదీ చూడకుండా పారబోసి మళ్లీ చేయాలి. రెండూ సరిగ్గా ఉంటే, కింది మెట్టు నుంచి పైకి చూస్తూ మొదట తేటగా కనిపించిన గొట్టం పట్టుకోండి. 4లో మసక, 8లో తేట అయితే ఎంఐసీ 8. అంటే ఎదుగుదలను ఆపే కనీస మోతాదు. నిజమైన అంకె 4కు, 8కి మధ్య ఎక్కడో ఉంటుందని గుర్తుంచుకోండి. అందుకే మూడుసార్లు చేయండి, ఒక మెట్టు అటూ ఇటూ వస్తే కంగారు పడొద్దు. మధ్యలో ఒక గొట్టం తేటగా ఉండి దాని పైది మసకగా ఉంటే అది కొలత కాదు, ఎక్కడో కలుషితమైంది.

తేట అంటే చచ్చాయని కాదు, పెరగలేదని మాత్రమే. ఆ గొట్టంలోంచి కొంచెం తీసి మందు లేని ప్లేటు మీద రాస్తే మళ్లీ మొలవొచ్చు.

రిఫాంపిసిన్‌తో ఇంకో తిరకాసు ఉంది. అది మీడియాకు నారింజ ఎరుపు రంగు తెస్తుంది, మసక కంటికి సరిగా ఆనదు. అప్పుడు ప్రతి గొట్టంలోంచి ఒక చుక్క మామూలు ప్లేటు మీద వరసగా పెట్టి మర్నాడు చూడాలి. మందు పోసేముందు ఎన్ని చుక్కలు వచ్చేవో పోల్చుకోవడానికి, మొదలుపెట్టిన క్షణాన తొమ్మిదో గొట్టం నుంచి కూడా ఒక చుక్క పెట్టుకోండి. ఇంకా, సూడోమోనాస్‌లకు రిఫాంపిసిన్ మీద సహజంగానే కొంత ఓర్పు ఉంటుంది. కాబట్టి నిచ్చెనను 64 దగ్గర ఆపకుండా 256 నుంచి మొదలుపెట్టడం మంచిది.

ఎంఐసీ నుంచి ప్లేటు మోతాదుకు

ఎంఐసీ దొరికింది కదా అని అదే ప్లేటులో వేయకూడదు. అది అంచు. అంచు మీద ఒక రోజు ఆగుతాయి, ఇంకో రోజు మొలుస్తాయి. ఓర్పు లేని రకానికి తేలిన ఎంఐసీకి రెండు నుంచి నాలుగు రెట్లు దగ్గర మొదలుపెట్టి, పైకి ఎంతవరకు పోవచ్చో మన బిళ్ల వేసిన రకాన్ని అడగాలి.

ఈ బిళ్ల రకం ఎక్కడి నుంచి వస్తుంది? జన్యువులు కలపడమేమీ లేదు. రిఫాంపిసిన్‌ను తట్టుకునే మార్పు బ్యాక్టీరియాలో దానంతటదే వస్తుంది, సుమారు 10 కోట్ల నుంచి 100 కోట్లకు ఒకదానిలో. చిక్కటి కల్చర్‌ను 100 పీపీఎం రిఫాంపిసిన్ ఉన్న ప్లేటు మీద పరిస్తే రెండు మూడు రోజుల్లో కొన్ని చుక్కలు మొలుస్తాయి. అవే మన అభ్యర్థులు. అన్నీ పనికిరావు. కొన్ని నీరసంగా పెరుగుతాయి, అట్లాంటిదాన్ని వేరు మీద పెట్టి "మా రకం బతకలేదు" అంటే అసలు రకానికి అన్యాయం. మందు లేని మీడియాలో తల్లి రకంతో సమానంగా పెరిగేదాన్నే తీసుకోండి. మందు లేకుండా పది పన్నెండు సార్లు మార్చి పెంచాక కూడా ఓర్పు నిలిచిందో లేదో చూడండి.

తర్వాత అసలు పరీక్ష. ఒకే పలచన ద్రవాన్ని మామూలు ప్లేట్ల మీద, 25, 50, 100, 150 పీపీఎం ప్లేట్ల మీద వేయండి. లెక్క కోసం చెప్తున్నా: మామూలు ప్లేటులో 182 చుక్కలు, 100 పీపీఎంలో 176 వస్తే ఆ మోతాదు మన రకాన్ని ఇబ్బంది పెట్టడం లేదు. 150లో 90కి పడిపోతే అక్కడ సగం మందిని మనమే చంపుతున్నాం. రిఫాంపిసిన్ ద్రావణం ఎంత వేశారో అంతే మిథనాల్ మాత్రమే వేసిన ప్లేటు కూడా ఒకటి పెట్టండి. మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల స్టాక్ వాడితే 100 పీపీఎం ప్లేటులో ఒక శాతం మిథనాల్ చేరుతుంది. తగ్గుదల మందు వల్లో ద్రావకం వల్లో తేలాలి గదా. అగార్ 50 డిగ్రీలకు చల్లారాకే, చెయ్యి పట్టగలిగే వేడిలో, మందు కలపాలి.

పై హద్దు తెలిసింది, కింది హద్దు మట్టి చెప్తుంది. మన బ్యాక్టీరియా వేయని కుండీ నుంచి వేరు, దాన్ని అంటుకున్న మట్టి 10 గ్రాములు తీసి 90 మిల్లీలీటర్ల శుభ్రమైన ఉప్పునీటిలో బాగా కుదపండి. అందులో 0.1 మిల్లీలీటరు అవే ప్లేట్ల మీద పరచండి. బూజులు రాకుండా సైక్లోహెక్సిమైడ్ 100 పీపీఎం వేస్తారు, అది మనిషికి విషం, చేతికి తొడుగు లేకుండా ముట్టొద్దు. 25 పీపీఎంలో ప్లేటు నిండా మొలిచి, 50లో పదులు, 100లో రెండు మూడు మిగిలితే మన మోతాదు 100. చాలా ల్యాబ్‌లు ఈ పనికి 50 నుంచి 100 మధ్య వాడతాయి, కానీ మీ మట్టిలో చూసుకోనిదే ఆ అంకెకు విలువ లేదు. పశువుల ఎరువు బాగా పడిన మట్టిలో ఒకలా, చెలక మట్టిలో ఒకలా రావచ్చు.

ఆ రెండు మూడు చుక్కలను తేలిగ్గా తీసుకోకండి. 0.1 మిల్లీలీటరులో ఉన్నది 0.01 గ్రాము మట్టి. అంటే ఒక్క చుక్క గ్రాముకు 100కు సమానం. ఖాళీ మట్టిలోనే 3 చుక్కలు వస్తే గ్రాముకు 300 దాకా పరాయివి ఉన్నట్టు. బ్యాక్టీరియా వేసిన కుండీలో గ్రాముకు 400 వచ్చాయని ఎవరైనా సంబరపడితే ఆ సంబరం నిలవదు. లక్ష వచ్చిందంటే అప్పుడు మాట్లాడొచ్చు. మీకు ఎవరైనా, నాతో సహా, "వేరు మీద మా బ్యాక్టీరియా ఇంత ఉంది" అని కాగితం చూపిస్తే, మొదట అడగాల్సింది "వేయని మట్టిలో అదే ప్లేటు మీద ఎంత వచ్చింది?" అని. రెండోది, "మందు ఉన్న ప్లేటులో, లేని ప్లేటులో మీ రకం సమానంగా మొలిచిందా?" ఈ రెండు అంకెలు లేని రిపోర్టుకు నేనైతే రూపాయి ఇవ్వను.

ఇదే నిచ్చెన పేడకు కూడా

పొదుగు వాపుకు ఇంజక్షన్ చేసిన ఆవు పేడతో జీవామృతం చేయొచ్చా అని అడుగుతుంటారు. పశువుకు ఇచ్చిన టెట్రాసైక్లిన్‌లో పెద్ద భాగం మారకుండానే పేడలో, మూత్రంలో బయటికి వస్తుంది. ప్లేటు నిండా బాసిల్లస్ సబ్‌టిలిస్ పరిచి, అగార్‌లో 6 మిల్లీమీటర్ల గుంతలు తీసి, వడగట్టిన పేడ నీళ్లు ఒక గుంతలో పోసి చూడొచ్చు. చుట్టూ తేట వలయం వస్తే ఏదో ఆపుతోంది. కానీ పక్కనే 0.5, 1, 2, 4 పీపీఎం టెట్రాసైక్లిన్ గుంతలు, వట్టి నీళ్ల గుంత, మందు వేయని ఆవు పేడ గుంత లేకపోతే ఆ వలయానికి అర్థం లేదు. వలయం రాకపోయినా మందు లేదని కాదు. టెట్రాసైక్లిన్ పేడలోని కాల్షియానికి అంటుకుని నీళ్లలోకి దిగకపోవచ్చు. నా మట్టుకు నేను, మందు వాడిన పశువు పేడను జీవామృతానికి తీసుకోను, వేరే కుప్పలో వేసి బాగా మాగనిస్తా.

పారబోసే ముందు

2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షించింది. సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది, అంటే 31 పీపీఎం. ఈ మందుకు లొంగే ఈ.కోలైని ఆపడానికి పీపీఎంలో పదో వంతు కూడా అక్కర్లేదు. అంటే శుద్ధి అయి బయటికి పోతున్న నీళ్లు మన ల్యాబ్ నిచ్చెనలో పైమెట్లలో ఉన్నాయి. అవి పారుతూ పలచబడుతూ కింది మెట్లన్నీ దిగుతాయి, ప్రతి మెట్టు దగ్గరా ఏదో ఒక బ్యాక్టీరియా ఓర్పు నేర్చుకుంటుంది. మా పక్కన పీర్జాదిగూడ వైపు మూసీ నీళ్లతో గడ్డి పెంచి పట్నం బర్రెలకు వేస్తారు, ఆ పేడ మళ్లీ పొలాలకు వస్తుంది. కాబట్టి మన పది గొట్టాలు చిన్నవే అయినా సింక్‌లో పోయడానికి లేదు.

బ్యాక్టీరియా ఉన్న ప్రతి గొట్టం, ప్లేటు, కొన ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల్లో 15 పౌండ్ల ఒత్తిడి మీద కనీసం 20 నిమిషాలు ఉడకాలి. దాంతో బ్యాక్టీరియా చస్తాయి గానీ మందంతా పోదు. స్ట్రెప్టోమైసిన్, కనామైసిన్ వేడిని బాగానే తట్టుకుంటాయి. మిగిలిన మందు ద్రావణాలను, పాత స్టాక్‌లను వేరే డబ్బాలో పోసి, పేరు, తేదీ రాసి, బయోమెడికల్ లేదా ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వాలి. బిళ్ల వేసిన రకాన్ని కుండీలు దాటనీయకండి. ఈ ఓర్పు దాని సొంత క్రోమోజోములో ఉంటుంది, పక్క బ్యాక్టీరియాకు తేలిగ్గా పాకదు. అయినా సరే, అది క్షయ మందుకు ఓర్పు, పొలంలో దానికి పని లేదు. పరీక్ష అయ్యాక కుండీల మట్టిని కూడా ఆటోక్లేవ్ చేస్తాను.

వచ్చే వీడియోలో వేరుశనగ కుండీలతో 7, 15, 30 రోజుల లెక్కలు పెడతాను. ఖాళీ మట్టి ప్లేట్లు కూడా పక్కనే చూపిస్తా, అంకెలు నాకు అనుకూలంగా వచ్చినా రాకపోయినా. మీ దగ్గర ఈ నిచ్చెన చేసి చూసినవాళ్లు ఏ మీడియా, ఎంత వేడి, ఏ మెట్టు దగ్గర ఆగిందో కింద రాయండి.